సీటు బెల్టు చివర మట్టిగీత

మేస్త్రిగారు బానెట్ ఎత్తలేదు. స్టార్ట్ చెయ్యమనీ అనలేదు. డ్రైవరు సీటు పక్కన గొంతుక్కూర్చుని సీటు బెల్టు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. రోజూ మనం లాగే రెండు మూడడుగులతో ఆపకుండా, లోపలి చుట్టంతా విప్పుకొచ్చి ఇక రాదని కటుక్కున ఆగేదాకా లాగారు. ఆ చివరి జానెడు మేర నల్లటి బెల్టు మీద బూడిదరంగు మరక అడ్డంగా పట్టి ఉంది. గోటితో గీకితే మెత్తటి పొడి రాలింది. దాన్ని వేలికి అద్దుకుని మా మేనల్లుడికి చూపించారు.

"ఇది ఒండ్రండి బాబూ. ఈ చుట్ట నీళ్లలో నానింది."

తాడేపల్లిగూడెంలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల షెడ్డది. ముందున్నది 2019 మోడల్ డీజిల్ డిజైర్. రంగు మెరుస్తోంది, టైర్లు కొత్తవి, లోపల మల్లెపూల వాసన సెంటు. మావాడు కైకలూరు వైపు చేపల చెరువులు చూసుకుంటాడు. ధర విని సంబరపడి, "మావయ్యా, ఒకసారి వచ్చి చూడు" అని నన్ను ఏలూరు నుంచి రప్పించాడు. నేను ఫిజిక్సు పాఠాలు చెప్పుకున్నవాణ్ణే తప్ప కార్లు విప్పినవాణ్ణి కాదు. అందుకే నలభై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్న మేస్త్రిగారిని వెంటబెట్టుకెళ్లాను. ఆ పొద్దున ఆయన చేసిన ప్రతి పని వెనకా ఒక శాస్త్రసూత్రం ఉంది. పాత కారు కొనాలనుకునే మన ప్రాంతం వాళ్లకి అది తెలియాలనే ఇది రాస్తున్నాను.

ఎక్కడైనా పాత బండి కొనేవాడు ముందు అడిగేది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని. కొల్లేటి చుట్టుపక్కల కొనేవాడు దానికన్నా ముందు అడగాల్సింది, 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఈ బండి ఎక్కడుంది అని. ఆ నెల 1న బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, కండ్రిక ప్రాంతాలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద పారింది. ఇళ్ల ముందు నిలిపిన వేల బండ్లు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. ఆ బుడమేరే కిందికి వచ్చి కొల్లేట్లో కలుస్తుంది కనుక, పైన తగ్గిన నీళ్లు ఇక్కడ పెరిగాయి. పెదఎడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతకొచ్చిందో లంక గ్రామాలవాళ్లు పూటపూటా కనుక్కుంటూ గడిపారు. ఆ నీళ్లన్నీ ఉప్పుటేరు దారినే సముద్రానికి పోవాలి, ఆ దారి నెమ్మది. ఇక ఏలూరుకు తమ్మిలేరు ఉంది, తాడేపల్లిగూడెం, నిడదవోలు వైపు ఎర్రకాలువ ఉంది. వీటిలో ఏది పొంగినా మునిగే రోడ్లున్నాయి. పైగా 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగాయి. మునిగిన బండి మునిగిన ఊళ్లో అమ్ముడుపోవడం కష్టం, అక్కడివాళ్లు అనుమానిస్తారు. అందుకని అది వేరే ఊరు వెళుతుంది.

ఒకప్పుడు నంబరు ప్లేటు కొంత చెప్పేది. ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా, ఏపీ 37 అంటే పశ్చిమ గోదావరి. 2019లో ఏపీ 39తో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ మొదలైంది. కొత్త నంబర్ల బండి విజయవాడదో భీమవరందో ప్లేటు చూసి పోల్చుకోలేం. ఆర్‌సీలో చిరునామా చదవాల్సిందే.

నీళ్లు ఇంజన్ని ఎలా పాడుచేస్తాయో చాలామందికి పొరపాటు అభిప్రాయం ఉంది. తుప్పు పడుతుంది, ఆరబెట్టి ఆయిల్ మారిస్తే సరిపోతుంది అనుకుంటారు. తుప్పు తర్వాతి సంగతి. అసలు దెబ్బ ఒక్క క్షణంలో తగులుతుంది. ఇంజను గాలిని పీల్చి, పిస్టన్‌తో నొక్కి, నొక్కినచోట ఇంధనాన్ని మండిస్తుంది. గాలి నొక్కితే నలుగుతుంది. నీళ్లు నలగవు. మనవాళ్ల డిజైర్, స్విఫ్ట్ డీజిల్ బండ్లలో ఉన్నది ఫియట్ వాళ్ల 1248 సీసీ ఇంజను. టాటా ఇండికా విస్టాలోనూ అదే వచ్చేది, మారుతి దాన్ని 2020లో ఆపేసింది. నాలుగు సిలిండర్లు కనుక ఒక్కోదానికి 312 సీసీ. దాని కంప్రెషన్ నిష్పత్తి 17.6. ఈ రెంటినీ పట్టి లెక్క వేస్తే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక పైన మిగిలే ఖాళీ దాదాపు 19 మిల్లీలీటర్లు. దగ్గుమందు సీసా మూతతో రెండు మూతలు పోస్తే నిండిపోయేంత చోటు! అంతకు మించి ఒక్క చుక్క నీరు లోపలుంటే పిస్టన్ పైదాకా రాలేదు. రోడ్డు మీద నీళ్లలో వేగంగా పోతున్న బండి గాలిగొట్టంలోంచి నీళ్లు పీలిస్తే, తిరుగుతున్న క్రాంక్ బలమంతా ఆ నలగని నీటి మీద పడుతుంది. నీళ్లు లొంగవు కనుక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పెట్రోలు ఇంజన్లలో ఖాళీ కొంచెం ఎక్కువ, 1200 సీసీ బండికి 33 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. మూడు మూతల పైచిలుకు, అంతే తేడా.

నిలిపి ఉంచిన బండి మునిగితే రాడ్ వంగదు. వరద తగ్గాక యజమాని ఆత్రంగా సెల్ఫ్ కొడతాడు చూడండి, అప్పుడు వంగే ప్రమాదం ఉంది. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చెయ్యకుండా తోయించుకుని తీసుకెళ్లమని మెకానిక్కులు నెత్తీనోరూ కొట్టుకునేది ఇందుకే. స్టార్ట్ చేసినందువల్ల పాడైన ఇంజనుకు మామూలు బీమా డబ్బివ్వదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు విడిగా తీసుకుని ఉండాలి.

రాడ్ విరిగితే దాపరికం లేదు, ఇంజను ఆగిపోతుంది. కొనేవాడికి గండం కొద్దిగా వంగిన రాడ్‌తో. ఒకటి రెండు మిల్లీమీటర్లు పొట్టిదైన రాడ్‌తో బండి నడుస్తూనే ఉంటుంది. ఆ సిలిండరులో పిస్టన్ పైదాకా రాదు, గాలి పూర్తిగా నలగదు. డీజిల్ ఇంజన్లో స్పార్కు ప్లగ్గు ఉండదు, నలిగిన గాలి వేడికే డీజిల్ అంటుకోవాలి. ఆ వేడి తగ్గితే చల్లటి పొద్దున ఆ ఒక్క సిలిండరూ అంటుకోదు. బండి కుంటుతూ, కాలని డీజిల్‌ని తెల్లటి పొగలా వదులుతుంది. రెండు నిమిషాలు తిరిగి ఒళ్లు వేడెక్కాక అన్నీ సర్దుకుంటాయి. కొన్ని నెలలకి, వంగినచోట అలసిపోయిన ఉక్కు హైవే మీద ఎప్పుడో తెగి, బ్లాకుని చీల్చుకుని బయటికొస్తుంది.

మేస్త్రిగారు మమ్మల్ని పొద్దున్నే బయల్దేరదీసిన కారణం అదే. "చల్లటి బండి చూడాలండి మాస్టారూ. వేడి బండికి జబ్బు కనపడదు." షెడ్డులో అడుగుపెట్టగానే ఆయన చేసిన మొదటి పని బానెట్ మీద అరచెయ్యి ఆనించడం. మనం వస్తున్నామని తెలిసి ముందే స్టార్ట్ చేసి వేడి చేసి ఉంచారంటే, ఆ రోజుకి వెనక్కి రావడం మంచిది. చెప్పకుండా ఇంకోరోజు వెళ్లవచ్చు.

ఆయిల్ సంగతికి వద్దాం. నీటికన్నా నూనె తేలిక. ఇంజను కింద ఆయిల్ చాంబర్‌లోకి నీళ్లు చేరితే అడుగున నీళ్లు, పైన ఆయిల్ నిలుస్తాయి. ఆయిల్ పంపు పీల్చేది అడుగునుంచే. క్రాంకు బేరింగులకీ క్రాంకుకీ మధ్య ఉండే ఆయిల్ పొర మన వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు, బండి ప్రాణం ఆ పొర మీద ఉంది. ఆ పొరలో నీళ్లు కలిస్తే లోహం లోహాన్ని రాసుకుంటుంది. తిరుగుతున్నకొద్దీ నీళ్లూ ఆయిలూ చిలికినట్టు కలిసిపోయి, పాలు కలిపిన కాఫీ రంగులో చిక్కటి నురగ అవుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే అది కనపడుతుంది. మునిగిన బండికి ఆయిల్ ఎలాగూ మార్చి ఉంటారు. అయినా ఆయిల్ పోసే మూత లోపలి అంచుల్లో, మూలల్లో నురగ మరకలు మిగిలిపోతాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. రోజూ రెండు కిలోమీటర్లకు మించి తిరగని బండికి, మన తేమగాలిలో, మూత కింద కాస్త తెల్లటి నురగ పడుతుంది. ఆ ఒక్కటీ చూసి మంచి బండిని కాదనకండి. డిప్‌స్టిక్ మీదా అదే రంగుంటే, కూలెంట్ కూడా తగ్గుతుంటే, అప్పుడు వదిలెయ్యండి. డీజిల్ బండిలో ఆయిల్ నల్లగా ఉందని భయపడేవాళ్లూ ఉన్నారు. డీజిల్ మసికి కొత్త ఆయిల్ కూడా కొద్దిరోజులకే నల్లబడుతుంది, అది దాని స్వభావం.

గేరుబాక్సు గురించి మేస్త్రిగారు చెప్పింది నాకు కొత్త. గంటసేపు తిరిగి వేడెక్కిన గేరుబాక్సు లోపలి గాలి వ్యాకోచించి, పైనున్న చిన్న శ్వాసరంధ్రంలోంచి బయటికి పోతుంది. ఆ వేడిమీద బండి వరదనీళ్లలో దిగితే లోహం ఒక్కసారి చల్లబడుతుంది, లోపలి గాలి ముడుచుకుంటుంది, ఖాళీ అయినచోటికి అదే రంధ్రంలోంచీ సీళ్ల అంచుల్లోంచీ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. వేడి చెంబుని నీళ్లలో బోర్లిస్తే లోపలికి నీళ్లెక్కే ప్రయోగం నేను ఎన్నిసార్లు చేసి చూపించానో! గేరుబాక్సు కూడా ఆ పనే చేస్తుందని ఎప్పుడూ తట్టలేదు. చక్రాల బేరింగుల్లోకీ ఇలాగే నీళ్లు వెళతాయి. ఆర్నెల్ల తర్వాత అవి 60 వేగం దాటగానే తుమ్మెదలా మోత పెడతాయి. ఇంజన్ ఆయిల్ మార్చినవాడు గేరుబాక్సు ఆయిల్ని తరచు మర్చిపోతాడు.

కరెంటు వైర్లలో నీటి పని ఇంకా నిదానం. బ్యాటరీ తీయకుండా మునిగిన బండిలో కప్లర్ల మధ్య 12 వోల్టులు పనిచేస్తూనే ఉంటాయి. మురుగూ లవణాలూ కలిసిన వరదనీరు కరెంటును పోనిస్తుంది. మనం బడిలో చేసే విద్యుద్విశ్లేషణే ఇది. ప్లస్ వైపు పిన్ను నుంచి రాగి కరిగి పోతూ ఉంటుంది. వైరు పేటల మధ్యకి నీళ్లు దీపం వత్తిలోకి నూనె పాకినట్టు పాకి, ప్లాస్టిక్ తొడుగు కింద కంటికి కనపడకుండా నిలుస్తాయి. బయటికి బాగున్న వైరు ఏడాది తర్వాత లోపల పచ్చటి పొడి అవుతుంది. వర్షం పడ్డరోజు ఏసీ ఆగడం, అద్దం దిగకపోవడం, ఎండ కాస్తే మళ్లీ పనిచెయ్యడం, అన్నీ ఆ పచ్చపొడి చేష్టలే. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఎయిర్‌బ్యాగుల కంట్రోలు పెట్టె. చాలా కార్లలో అది గేరురాడ్డు దగ్గర, నేలకి ఆనించి బిగించి ఉంటుంది. అంటే చీలమండల లోతు నీళ్లు లోపలికొచ్చినా ముందు తడిసేది అదే. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో దాని నోరు నొక్కేశారన్నట్టు, ఇది మరీ ప్రమాదం. పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరిగే బండి అది.

అందుకే బానెట్ మీద చెయ్యి ఆనించి చూశాక మేస్త్రిగారు నేరుగా బెల్టు దగ్గరికి వెళ్లారు. సీట్లు ఉతుకుతారు, కార్పెట్ మారుస్తారు, ఇంజన్ బే పాలిష్ కొడతారు. బెల్టు చుట్ట లోపలి చివర, సీటు కింద పట్టాల బోల్టులు, డిక్కీలో స్టెప్నీ గుంట అడుగు, డాష్‌బోర్డు కింద ఫోముకి అంటిన ఒండ్రు, హెడ్‌లైటు లోపలి మూలలో సన్నటి మట్టిగీత, ఇవి కడిగేవాడి చేతికి అందవు.

తెలియక కొన్నానంటూ ఏడ్చేవాళ్లని చూశాను కనుక కాగితాల మాట కూడా చెబుతాను. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టి డబ్బు చెల్లిస్తుంది. ఆ బండి తుక్కుగా వేలానికి పోతుంది. కొన్నవాళ్లంతా దాన్ని తుక్కు చెయ్యరు, బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించేవాళ్లున్నారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇలాంటి బండి యాజమాన్య పత్రం మీదే వరదలో మునిగిందని ముద్ర వేస్తాయి. 2005లో కత్రినా తుపాను తర్వాత, ఆ ముద్రను తప్పించుకోవడానికి బండ్లను రాష్ట్రాలు దాటించి అమ్మిన సంగతి అక్కడ పెద్ద గొడవైంది. మన ఆర్‌సీ మీద అలాంటి ముద్రే లేదు. ఉండాలని నా గట్టి కోరిక. అది వచ్చేలోగా బీమా పాలసీ కొంత ఆనవాలిస్తుంది. క్లెయిము చెయ్యని ప్రతి ఏడాదికీ నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై 25, 35, 45, ఐదేళ్లకి 50 శాతమవుతుంది. క్లెయిము చేస్తే మరుసటి రెన్యువల్లో సున్నాకి పడిపోతుంది. 2024 సెప్టెంబరు తర్వాత మొదటిసారి రెన్యువల్ చేసిన పాలసీ అడిగి తీసుకోండి. ఐదేళ్లుగా ఒకే యజమాని దగ్గరున్న బండికి ఆ ఏడాది బోనస్ సున్నా అని ఉంటే ఎందుకని అడగండి. పాలసీ కొన్నాళ్లు తెగిపోయినా సున్నా అవుతుంది, నిజమైన జవాబు ఉండవచ్చు. జవాబు మాత్రం వినాలి.

వరద ఏటా రాదు. ఈ నేలలో ఇంజన్లను రోజూ తినే నీళ్లు వేరే ఉన్నాయి, అవి రేడియేటర్లో మనం పోసే బోరునీళ్లు. కైకలూరు, ఆకివీడు వైపు చాలాచోట్ల బోరు ఉప్పగా పడుతుందని అందరికీ తెలుసు. మనుషులం తాగలేని నీటిని బండికి తాగిస్తున్నాం. మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ దేనికి అంటారు. కూలెంట్ సగం, శుద్ధినీరు సగం కలిపితే మరిగే వేడి 107 డిగ్రీల దాకా పెరుగుతుంది, మూత బిగింపు ఒత్తిడితో ఇంకా పైకి పోతుంది. అంతకన్నా ముఖ్యంగా అందులో తుప్పు నిరోధించే రసాయనాలుంటాయి. అల్యూమినియం తన ఒంటి మీద సన్నటి ఆక్సైడు పొర కప్పుకుని తనని తాను కాపాడుకుంటుంది. ఉప్పునీటిలోని క్లోరైడు ఆ పొరకి చిల్లులు పొడుస్తుంది. సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది. వేసవిలో ఒకరోజు ఇంజను ఉడికిపోతుంది. వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అల్యూమినియం హెడ్డు ఇనప బ్లాకు మీద బిగించిన బండిలో హెడ్డు మెలి తిరిగి, మధ్యనున్న గ్యాస్కెట్ పోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి చూడండి. ఆకుపచ్చో ఎరుపో నీలమో, శుభ్రమైన రంగుండాలి. తుప్పునీళ్లు కనిపిస్తే ఆ ఇంజన్ ఎన్నిసార్లు ఉడికిందో అడిగినా లాభం లేదు. మూత తీసే ఉంచి స్టార్ట్ చేస్తే లోపల్నుంచి బుడగలు ఆగకుండా వస్తున్నాయా, గ్యాస్కెట్ దాటి మంటవాయువు నీళ్లలోకి వస్తోందన్నమాట.

రొయ్యల చెరువు గట్ల మీద తిరిగిన బండికి కిందపక్క వంగి చూడాల్సిందే. అడుగుభాగానికి కొత్తగా నల్లరంగు పూసి ఉంటే స్క్రూడ్రైవరుతో అక్కడక్కడ తట్టండి, తుప్పు మీద పూసిన రంగు పెంకులా లేస్తుంది. గట్ల మీద దుమ్ము కూడా తక్కువది కాదు. ఎయిర్ ఫిల్టరు మార్చకుండా ఆ దుమ్ములో తిప్పితే, ఇసుక సిలిండరు గోడల్ని గీకి ఇంజను బోరుకొస్తుంది. దాన్ని పట్టుకోవడానికి మేస్త్రిగారి పద్ధతి సులువు. ఇంజను తిరుగుతుండగా ఆయిల్ మూత తిప్పి, తీయకుండా ఆ కంత మీదే వదులుగా పెడతారు. కాస్త కదిలితే ఫరవాలేదు. ఎగిరెగిరి పడుతుంటే, గుప్పుగుప్పున పొగ కొడుతుంటే, రింగులు దాటి గాలి కిందికి వస్తోంది. బ్యాక్ కంప్రెషన్ అంటారు దాన్ని. సైలెన్సరులో నీలిపొగ ఉంటే ఆయిల్ కూడా తాగుతున్నట్టే.

స్కానరు తగిలించి చూపించమనండి. స్టీరింగు కింద 16 పిన్నుల సాకెట్టు ఉంటుంది. లోపాల కోడ్లు చెరిపేసి తెస్తారని అందరూ అంటారు, నిజమే. అయితే చాలా బండ్లలో కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా కంప్యూటరు విడిగా గుర్తుంచుకుంటుంది. ఆ అంకె 12 అనో 15 అనో కనిపిస్తే, నిన్ననే చెరిపారన్నమాట.

డిజైర్ని మేము కొనలేదు. మావాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. రెండు నెలలు వెతికాక ఏలూరులో ఒక రిటైర్డ్ ఉద్యోగి వాడుకున్న 2018 పెట్రోలు బండి దొరికింది. రంగు వెలిసింది, ముందు బంపరు గీరుకుపోయింది, బెల్టు చివరిదాకా నల్లగా ఉంది. హైవే ఎక్కి భీమడోలు దాకా వెళ్లి వచ్చాం, చక్రాలు మోత పెట్టలేదు. కంప్రెషన్ కొలిస్తే నాలుగు సిలిండర్లూ దాదాపు ఒకే అంకె చూపాయి. ఒకదానికీ ఇంకోదానికీ పది శాతం లోపు తేడా ఉంటే చాలన్నారు మేస్త్రిగారు.

కొన్న మర్నాడు ఆయన గేరుబాక్సు ఆయిల్ దింపి, ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పోసి మావాడి చేతికిచ్చారు. "కదపకుండా కిటికీలో పెట్టండి బాబూ. నీళ్లుంటే అడుక్కి చేరతాయి." వాడు నాలుగు రోజులు పొద్దున లేవగానే ఆ సీసా ముందు వంగి చూసి నాకు ఫోన్ చేశాడు. నాలుగో రోజుకీ అడుగున గీత రాలేదు.